డీజిల్ బండ్లని గ్యాస్‌కి మార్చితే: లీటరుకీ కిలోకీ మధ్య తప్పిపోయే లెక్క

బంకు బోర్డు మీద రెండు అంకెలు పక్కపక్కనే వెలుగుతుంటాయి, డీజిల్ ఇంత, సీఎన్‌జీ ఇంత అని. రెండోది చాలాచోట్ల చిన్నదిగానే ఉంటుంది. పది బండ్లున్న ఓనరు ఎవరైనా ఆ బోర్డు చూసి ఒక్కసారైనా మనసులో కూడికలు, తీసివేతలు వేసుకునే ఉంటాడు. డీజిల్ ధర పెరిగిన ప్రతిసారీ, కొత్త కాలుష్య నిబంధన వచ్చిన ప్రతిసారీ ఈ చర్చ మళ్లీ మొదలవుతుంది. ఒకాయన బండ్లన్నీ మార్చేశాను, హాయిగా ఉన్నాను అంటాడు. ఇంకొకాయన మార్చి చేతులు కాల్చుకున్నాను అంటాడు. విచిత్రమేంటంటే ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. బండి రోజుకి ఎంత తిరుగుతుంది, రాత్రికి ఎక్కడ ఆగుతుంది అన్న రెండు ప్రశ్నలకి వాళ్లిద్దరి దగ్గరా వేరువేరు జవాబులుంటాయి, అంతే.

కాబట్టి మొదటి నుంచీ వద్దాం.

సిలిండర్‌లో ఉండేది ఏంటి

సీఎన్‌జీ అంటే బాగా కుక్కి పెట్టిన సహజవాయువు. అందులో ఎక్కువ భాగం మీథేన్. వంటకి వాడే ఎల్పీజీతో దీన్ని చాలామంది కలిపేస్తారు గానీ రెండూ వేరు. ఎల్పీజీలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్, వాటిని కొద్దిగా నొక్కితే చాలు ద్రవంగా మారిపోతాయి. మామూలు వేడిలో మీథేన్‌ని ఎంత నొక్కినా ద్రవం కాదు, వాయువుగానే ఉండి చిక్కబడుతుంది. అందుకే దాన్ని 200 నుంచి 250 బార్ ఒత్తిడిలో, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి రెండు వందల రెట్లకి పైగా నొక్కి, మందపాటి సిలిండర్లలో నింపుతారు. ద్రవంగానే కావాలంటే మైనస్ 162 డిగ్రీలకి చల్లబరచాలి, అప్పుడది ఎల్ఎన్‌జీ అవుతుంది. దూరాభారం తిరిగే పెద్ద ట్రక్కుల్లో ఎల్ఎన్‌జీ వాడుతున్నారు, దాని గొడవ వేరు, ఇక్కడ దాని జోలికి పోవట్లేదు.

కిలో గ్యాస్ ఎన్ని లీటర్ల డీజిల్‌కి సమానం

బోర్డు మీద మోసం ఎవరూ చేయట్లేదు గానీ ఆ రెండు అంకెలూ ఒకే కొలతలో లేవు. డీజిల్ లీటర్లలో అమ్ముతారు, సీఎన్‌జీ కిలోల్లో అమ్ముతారు. రెండింటినీ పోల్చాలంటే లోపలున్న శక్తిని చూడాలి.

ఒక లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఒక కిలో సీఎన్‌జీలో, గ్యాస్ నాణ్యతని బట్టి కాస్త అటూ ఇటూగా, 48 మెగాజౌళ్లు. అంటే శక్తి ప్రకారం కిలో గ్యాస్ దాదాపు 1.33 లీటర్ల డీజిల్‌కి సమానం. ఇంతవరకూ గ్యాస్‌దే పైచేయి, అమ్మేవాళ్లు చూపించే కాగితాల్లో కూడా సాధారణంగా ఈ అంకె దగ్గరే ఆపేస్తారు.

కానీ చక్రం తిప్పేది ఇంజను, దానికి అందిన శక్తంతా చక్రం దాకా రాదు. మంచి డీజిల్ ఇంజను తనకి ఇచ్చిన శక్తిలో 40 శాతానికి అటూ ఇటూ పనిగా మారుస్తుంది. గ్యాస్ ఇంజను అంత మార్చలేదు. ఎందుకో కింద చెబుతాను, ప్రస్తుతానికి గ్యాస్ ఇంజను 15 శాతం వెనకబడుతుందని అనుకుందాం. అప్పుడు 1.33 కాస్తా 1.13 అవుతుంది. అంటే లీటరు డీజిల్‌కి 4 కిలోమీటర్లు ఇచ్చే బండి, కిలో గ్యాస్‌కి సుమారు 4.5 కిలోమీటర్లు ఇస్తుంది. నిలబడి నిలబడి నడిచే సిటీ బండికి ఈ వెనకబాటు ఇంకా ఎక్కువ ఉండొచ్చు, హైవే మీద సమంగా పరిగెత్తే బండికి తక్కువ ఉండొచ్చు.

డీజిల్ ఇంజనులో గ్యాస్ నేరుగా పోస్తే ఎందుకు మండదు

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ పైకి వచ్చి గాలిని పదహారు, పద్దెనిమిది రెట్లు నొక్కేస్తుంది, ఆ నొక్కుడుకే గాలి భగభగా వేడెక్కుతుంది, అందులోకి డీజిల్ చిమ్మగానే దానంతటదే అంటుకుంటుంది. డీజిల్‌కి అలా అంటుకోవడానికి రెండు వందల పైచిలుకు డిగ్రీలు చాలు. మీథేన్‌కి సుమారు 540 డిగ్రీలు కావాలి. దానికి పక్కనుంచి ఎవరో ఒకరు నిప్పు పెట్టాల్సిందే.

నిప్పు పెట్టే దారులు మూడున్నాయి. మొదటిది, ఫ్యాక్టరీ నుంచే గ్యాస్ కోసం తయారైన ఇంజను కొనడం. రెండోది, ఉన్న డీజిల్ ఇంజనుని విప్పి మార్చడం: ఇంజెక్టర్ ఉన్న చోట స్పార్క్ ప్లగ్గు, కొత్త పిస్టన్లు లేదా కొంత కోసేసిన పాత పిస్టన్లు, ఇంజనులోకి పోయే గాలిని తగ్గించి పెంచే థ్రాటిల్, ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్స్, కొత్త కంట్రోల్ యూనిట్. పిస్టన్ ఎందుకు మార్చాలంటే, నొక్కుడు అంత ఎక్కువగా ఉంచితే గ్యాస్ సమయం కాని సమయంలో పేలి ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడొస్తుంది. అందుకని నొక్కుడుని పదకొండు, పన్నెండు రెట్లకి దించుతారు. పైన చెప్పిన వెనకబాటుకి మూలం అదే. ఎంత తక్కువ నొక్కితే అంత తక్కువ పని, పైగా థ్రాటిల్ దగ్గర గాలి పీల్చుకోవడానికి ఇంజను కొంత బలం వృథా చేసుకుంటుంది.

మూడోది డ్యూయల్ ఫ్యూయల్. ఇంజను డీజిల్‌దే, నొక్కుడూ అంతే, గాలితో పాటు గ్యాస్ లోపలికి పోతుంది, కొద్దిగా చిమ్మిన డీజిల్ అగ్గిపుల్లలా పనిచేసి దాన్ని అంటిస్తుంది. గ్యాస్ అయిపోతే మామూలు డీజిల్ మీద ఇంటికి రావచ్చు, అది పెద్ద ధైర్యం. చవకగా బిగించే కిట్లలో ఇబ్బంది ఏంటంటే, ఇంజను మీద లోడు తక్కువగా ఉన్నప్పుడు గ్యాస్ సరిగ్గా మండక కొంత మీథేన్ అలాగే పొగగొట్టం నుంచి బయటికి పోతుంది. డబ్బు పోవడం ఒకటి, వాతావరణానికి దెబ్బ ఇంకొకటి. ఆ రెండోది చాలా పెద్ద విషయం, దానికి విడిగా వస్తాను.

చోటు, బరువు: ఎవరూ ముందు చెప్పని ఖర్చు

200 బార్ దగ్గర కూడా ఒక లీటరు చోటులో పట్టేది సుమారు 170 గ్రాముల గ్యాసే. 100 కిలోల గ్యాస్ కావాలంటే దాదాపు 590 లీటర్ల సిలిండర్లు పెట్టాలి. ఆ 100 కిలోలు చేసే పనికి డీజిల్ అయితే 113 లీటర్లు సరిపోతుంది. అంటే అదే దూరానికి అయిదు రెట్లకి పైగా చోటు.

ఇక బరువు. ఉక్కు సిలిండర్లు లీటరు చోటుకి కిలో దగ్గర తూగుతాయి. 590 లీటర్లంటే ఉక్కే ఐదారు వందల కిలోలు, దాని మీద 100 కిలోల గ్యాస్. డీజిల్ వైపు చూస్తే 113 లీటర్లకి సుమారు 95 కిలోలు, ఖాళీ ట్యాంకు బరువు కలిపినా గ్యాస్ బండి నాలుగైదు వందల కిలోలు ఎక్కువ తూగుతుంది. బండి మొత్తం బరువుకి చట్టపరమైన పరిమితి ఉంటుంది కాబట్టి ఆ నాలుగైదు వందల కిలోలు సరుకులోంచే తగ్గుతాయి. సిమెంటు, ఇనుము, ఇసుక లాంటివి మోసేవాళ్లకి ప్రతి ట్రిప్పులోనూ అది కిరాయి నష్టం. దూది, థర్మోకోల్, పార్శిళ్లు మోసేవాళ్లకి అసలు పట్టదు, వాళ్ల బండి బరువుతో నిండకముందే చోటుతో నిండిపోతుంది. ఒకే మోడల్ బండి, ఒకే బంకు, కానీ ఒకరికి నష్టం, ఒకరికి లాభం.

సిలిండర్లలో నాలుగు రకాలున్నాయి. టైప్ 1 పూర్తిగా లోహం. టైప్ 2 లోహం మీద నడుముకి మాత్రం ఫైబర్ చుట్టింది. టైప్ 3 పలచటి లోహపు పొర మీద మొత్తం ఫైబర్. టైప్ 4 లోపల ప్లాస్టిక్, బయట కార్బన్ ఫైబర్. చివరిది ఉక్కులో మూడో వంతు బరువే తూగుతుంది, ధర మాత్రం అదే తీరులో పైకి పోతుంది. బరువు మోసేవాళ్లకి దాని అవసరం ఎక్కువ, మొదట్లో ధర చూసి టైప్ 1 తీసుకుని తర్వాత బాధపడేదీ వాళ్లే.

నింపేటప్పుడు ముల్లు 200 చూపించి, దారిలో 175కి ఎందుకు పడిపోతుంది

గ్యాస్ బండి డ్రైవర్ల నోట ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది. బంకులో ఫుల్ అన్నాడు, ముల్లు 200 మీద నిలబడింది, అరగంట నడిపాక చూస్తే కాల్చిన గ్యాస్‌కీ పడిన ముల్లుకీ పొంతన లేదు. బంకువాడు తక్కువ పోశాడని గొడవ.

నింపుతున్నప్పుడు సిలిండర్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. బయట ఉన్న ఒత్తిడితో గ్యాస్ లోపలికి దూసుకొచ్చి, అక్కడున్న గ్యాస్‌ని నొక్కేసి వేడెక్కిస్తుంది. వేడి గ్యాస్ తక్కువ బరువుతోనే 200 బార్ చూపిస్తుంది. చల్లారాక ఒత్తిడి దిగుతుంది. మీటరు బరువునే కొలుస్తుంది కాబట్టి డబ్బు ఎక్కడికీ పోలేదు, ఎన్ని కిలోలు ఎక్కిందో అన్నింటికే తీసుకున్నాడు. పోయింది మైలేజీ కాదు, రేంజి, అంటే ఒకసారి నింపితే వెళ్లగలిగే దూరం. సిలిండర్ నిజానికి నిండలేదు, అందుకే మళ్లీ బంకుకి త్వరగా రావాలి.

దీనికి మందు నిదానంగా నింపడం. సాయంత్రం బండ్లు షెడ్డుకి చేరాక ప్రతి బండికీ ఒక గొట్టం తగిలించి, తెల్లారేవరకూ చిన్న కంప్రెసర్‌తో మెల్లగా నింపితే వేడి ఎప్పటికప్పుడు బయటికి పోతుంది, ట్యాంకు నిజంగా నిండుతుంది, పెద్ద నిల్వ సిలిండర్ల అవసరమూ తగ్గుతుంది. కానీ దానికి బండ్లు రోజూ ఒకేచోటికి రావాలి, అక్కడికి గ్యాస్ పైపులైను ఉండాలి. పైపులైను లేని బంకులకి గ్యాస్ లారీల మీద సిలిండర్ల గుత్తుల్లో వస్తుంది. ఆ గుత్తిలో ఒత్తిడి తగ్గేకొద్దీ లైన్లో వెనకున్న బండికి పట్టేది తగ్గుతుంది, పట్టే సమయం పెరుగుతుంది. పొద్దున్నే వెళ్లినవాడికీ మధ్యాహ్నం వెళ్లినవాడికీ అనుభవాలు వేరుగా ఉండటానికి తరచుగా కారణం ఇదే.

బంకుల కొరత ఎంత పని చేస్తుందో చూడాలంటే ఢిల్లీ ఉంది. అక్కడి బస్సులన్నీ 2001 మార్చి 31 లోపు సీఎన్‌జీకి మారాలని 1998 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. గడువు వచ్చేసరికి చాలినన్ని బస్సులూ లేవు, చాలినంత గ్యాసూ లేదు. బంకుల ముందు గంటల తరబడి క్యూలు, గడువు మీద గడువు. మొత్తానికి పూర్తయ్యేసరికి 2002 చివరికి వచ్చింది. ఇంజను మార్చడం మెకానిక్ పని, గ్యాస్ అందించడం ఊరంతటి పని, రెండూ ఒకే వేగంతో నడవవు.

ఒక లారీ లెక్క, మొదటి నుంచి చివరిదాకా

ఏ దేశం డబ్బయినా సరే, లీటరు డీజిల్ ధర 100 అనుకుందాం. కిలో గ్యాస్ 80. బండి లీటరుకి 4 కిలోమీటర్లు, కిలోకి 4.5 కిలోమీటర్లు.

డీజిల్ మీద కిలోమీటరుకి 25 అవుతుంది. గ్యాస్ మీద 17.8. మిగిలేది 7.2. గ్యాస్ బండి కొనడానికి అదనంగా పది లక్షలు పడిందనుకుందాం, అంటే పది వేల లీటర్ల డీజిల్ ధర. ఆ పది లక్షలు తిరిగి రావాలంటే బండి సుమారు 1,39,000 కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 80,000 తిరిగే బండికి అది ఇరవై ఒక్క నెలలు. ఏడాదికి 25,000 తిరిగే బండికి అయిదున్నరేళ్లు. అప్పు తీసుకుని కొన్నట్టయితే వడ్డీ ఇందులో ఇంకా కలపలేదు.

ఇప్పుడు గ్యాస్ ధర 80 నుంచి 95కి పెరిగింది అనుకోండి, డీజిల్ 100 దగ్గరే ఉంది. చూడటానికి గ్యాస్ ఇంకా చవకే, బోర్డు మీద చిన్న అంకె అదే. కిలోమీటరుకి 21.1 అవుతుంది. మిగిలేది 3.9. డబ్బు తిరిగి రావడానికి తిరగాల్సిన దూరం రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటిపోయింది. గ్యాస్ పెరిగింది 19 శాతమే, మిగులు మాత్రం దాదాపు సగానికి పడింది. ఈ వ్యాపారంలో నిద్ర పట్టనివ్వనిది ఇదే, గ్యాస్ ధర ఎంత అన్నదానికన్నా రెండు ధరల మధ్య తేడా రాబోయే నాలుగేళ్లూ ఎలా ఉంటుంది అన్న టెన్షన్. ఈ బండికి గ్యాస్ 113 దాటితే డీజిలే చవక.

ఇంకో చిక్కు కూడా చూడండి. దూరం ఎక్కువ తిరిగే బండికి డబ్బు త్వరగా తిరిగి వస్తుంది, కానీ దూరం తిరిగే బండికే రేంజి, దారి పొడవునా బంకులు కావాలి. ఊళ్లోనే తిరిగి రాత్రికి షెడ్డుకి వచ్చే బండికి నింపుకోవడం తేలిక, కానీ చాలా సందర్భాల్లో అది తిరిగేది తక్కువ. రెండూ కలిసొచ్చే బండ్లు కొన్నే: పొద్దున నుంచి రాత్రిదాకా తిరిగే సిటీ బస్సులు, ఒకే రూటులో రోజుకి రెండు మూడు ట్రిప్పులు కొట్టే డెలివరీ ట్రక్కులు, డిపో నుంచి డిపోకి తిరిగే బండ్లు. లాస్ ఏంజలెస్ మెట్రో సంస్థ 2011లో తన చివరి డీజిల్ బస్సుని పక్కన పెట్టి, రెండు వేలకి పైగా ఉన్న బస్సులన్నిటినీ గ్యాస్ మీద నడిపింది. అన్నీ డిపోలకి తిరిగొచ్చే బస్సులే, డిపోల్లోనే గ్యాస్.

మెయింటెనెన్స్ తగ్గుతుందా, పెరుగుతుందా

రెండూ. కొత్త డీజిల్ బండ్లలో పొగ శుభ్రం చేయడానికి మసి పట్టే ఫిల్టరు, యూరియా ద్రవం పోసే ట్యాంకు, దాని పంపు, సెన్సర్లు ఉంటాయి. ఇవి మొరాయిస్తే బండి స్పీడు తనే తగ్గించేసుకుంటుంది. సరిపడా గాలితో మండే రకం గ్యాస్ ఇంజనుకి ఇవేవీ అక్కర్లేదు, పెట్రోలు కార్లలో ఉండే, పొగలోని మూడు రకాల హానికర వాయువుల్ని ఒకేసారి శుభ్రం చేసే కెటలిస్టు చాలు. దానికి బదులు స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ వస్తాయి, వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి, ఇంజను ఆయిలు వేరే రకం, బూడిద తక్కువ మిగిలేది పొయ్యాలి. షెడ్డులో డ్రమ్ములోంచి మామూలు డీజిల్ ఆయిలే పోసేస్తే మొదట్లో ఏమీ తెలియదు, తర్వాత ప్లగ్గుల దగ్గర తెలుస్తుంది.

ఒక చిన్న ఉదాహరణ. 200 బార్ నుంచి పది బార్ లోపుకి గ్యాస్‌ని దించే రెగ్యులేటర్ ఒకటి ఉంటుంది. ఒత్తిడి అంత ఒక్కసారిగా దిగితే గ్యాస్ నీళ్లు గడ్డకట్టేంత చల్లబడుతుంది, అందుకే దాని చుట్టూ ఇంజను కూలెంటు వేడినీళ్లు తిప్పుతారు. కూలెంటు కొంచెం తగ్గినా రెగ్యులేటర్ మీద తెల్లగా మంచు పేరుకుంటుంది, బండి ఎక్కుడు దగ్గర లాగదు. ఇరవై ఏళ్లు డీజిల్ మీదే చెయ్యి తిరిగిన మెకానిక్ ఫిల్టర్లు, టర్బో అన్నీ విప్పి చూస్తాడు గానీ రేడియేటర్ మూత తీసి చూడాలన్న ఆలోచన రాదు. తెలివితక్కువతనం కాదది, అలవాటు. మార్పిడి ఖర్చులో మెకానిక్ ట్రైనింగ్ అనే పద్దు ఉండకపోతే అది తర్వాత బ్రేక్‌డౌన్ పద్దులో కనిపిస్తుంది.

పొగ వేరు, వాతావరణం వేరు

గ్యాస్ శుభ్రమైనది అనే మాటలో రెండు వేరువేరు వాదనలు ఇరుక్కుని ఉన్నాయి.

మొదటిది ఊరి గాలి. పాత డీజిల్ ఇంజనుతో పోలిస్తే గ్యాస్ బండి మసి దాదాపు వదలదు, చప్పుడూ తక్కువ. ఇందులో అనుమానం లేదు. కానీ యూరో 6 అనే యూరప్ కాలుష్య ప్రమాణం స్థాయి డీజిల్ బండి, ఫిల్టరు సరిగ్గా పనిచేస్తున్నంత కాలం, మసి చాలావరకూ తనే పట్టేసుకుంటుంది. ఇరవై ఏళ్ల కిందటి బండిని తీసి గ్యాస్ పెడితే గాలికి వచ్చే లాభం వేరు, నిన్న కొన్న డీజిల్ బండిని తీసి గ్యాస్ పెడితే వచ్చే లాభం వేరు. గ్యాస్ పక్షంవాళ్లు మొదటి పోలిక చూపిస్తారు, డీజిల్ పక్షంవాళ్లు రెండోది చూపిస్తారు. డీజిల్ ఫిల్టర్లని పీకేసి తిప్పే బండ్లు రోడ్డు మీద లేవని మాత్రం ఎవరూ అనరు, ఆ విషయంలో గ్యాస్ ఇంజనుకి ఒక సౌకర్యముంది, మసి పుట్టడమే తక్కువ కాబట్టి పీకడానికి మసి ఫిల్టరే ఉండదు.

రెండోది భూమి వేడెక్కడం, ఇక్కడ లెక్క మెలిక తిరుగుతుంది. ఒక మెగాజౌల్ శక్తికి డీజిల్ మండితే సుమారు 74 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సహజవాయువు అయితే 56. పావు వంతు తక్కువ, బ్రోషర్లలో ఉండే అంకె ఇది. కానీ ఇంజను 15 శాతం వెనకబడింది కదా, అదే పనికి ఎక్కువ గ్యాస్ కాల్చాలి, కాబట్టి 56 కాస్తా 66 అవుతుంది. మిగిలిన తేడా 11 శాతం.

ఇప్పుడు మీథేన్. మండకుండా గాలిలో కలిసిన మీథేన్, అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా వందేళ్ల లెక్కలో సుమారు 30 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లకి పైగా వేడి పుట్టిస్తుందని వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ ఆరో నివేదిక లెక్కగట్టింది. బావి దగ్గర, పైపులైన్లలో, బంకు గొట్టం దగ్గర, ఇంజను పొగలో కలిపి వాడిన గ్యాస్‌లో 1 శాతం లీకైందనుకుందాం. ఒక మెగాజౌల్ డీజిల్ చేసే పనికి వాడేది దాదాపు 24 గ్రాముల గ్యాస్, అందులో 1 శాతం 0.24 గ్రాములు. వందేళ్ల లెక్కలో అది 7 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, 66కి కలిపితే 73. డీజిల్ 74. తేడా మాయమైపోయింది. ఇరవై ఏళ్ల లెక్కలో అదే లీకు దాదాపు 20 గ్రాములు, మొత్తం 86, డీజిల్ కన్నా ఘోరం.

ఇది డీజిల్‌కి అనుకూలంగా వేసిన లెక్క అని గ్యాస్ పక్షంవాళ్లు అభ్యంతరం చెబుతారు, అందులో న్యాయం ఉంది. ముడి చమురు తవ్వడం, మోయడం, రిఫైనరీలో మరిగించడం, వీటి పొగ నేను డీజిల్ ఖాతాలో వెయ్యలేదు. అది కూడా వేస్తే గ్యాస్‌కి కొంత ఊపిరి దొరుకుతుంది. గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్ కరెంటు కూడా అలాగే గ్యాస్ ఖాతాలో వెయ్యాలి మరి. మొత్తం మీద లాభం ఉందా లేదా అన్నది లీకు శాతం మీద, ఎన్నేళ్ల లెక్క చూస్తున్నారన్నదాని మీద ఆధారపడుతుంది. ఇద్దరు నిపుణులు ఒకే బండి గురించి వ్యతిరేకంగా మాట్లాడుతుంటే, ఎక్కువసార్లు వాళ్లిద్దరూ వాడుతున్న ఈ రెండు అంకెలే వేరుగా ఉంటాయి.

పేడ, చెత్త, మురుగు నుంచి వచ్చే బయోగ్యాస్‌ని శుద్ధి చేస్తే అందులో ఉండేదీ మీథేనే. ఇంజనుకి తేడా తెలియదు, అదే సిలిండర్, అదే గొట్టం. దాని వాతావరణ లెక్క చాలా మెరుగు, ముఖ్యంగా ఎలాగూ గాలిలో కలిసిపోయే మీథేన్‌ని పట్టి కాల్చినప్పుడు. అయితే లారీలన్నిటికీ సరిపడా బయోగ్యాస్ దొరకదు, దొరికిన దాని కోసం ఫ్యాక్టరీలు, వంటిళ్లు కూడా పోటీలో ఉంటాయి.

పేలుతుందేమో అన్న భయం

భయం అర్థం లేనిది కాదు, కానీ జనం భయపడే చోటు వేరు, ప్రమాదం ఉండే చోటు వేరు. మీథేన్ గాలి కన్నా తేలిక, బయట లీకైతే పైకి లేచి చెదిరిపోతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. ఆరుబయట డీజిల్, పెట్రోలు లాగా కింద మడుగు కట్టదు. అసలు ఇబ్బంది కప్పు కింద. డీజిల్ కోసం కట్టిన షెడ్డులో లీకైన గ్యాస్ పైకి పోయి రేకుల కింద ఆగుతుంది, అక్కడే ట్యూబులైట్లు, ఫ్యాన్ల స్విచ్చులు ఉంటాయి. కాబట్టి షెడ్డు కప్పుకి గాలి పోయే దారులు, గ్యాస్ పసిగట్టే సెన్సర్లు, నిప్పురవ్వ రాని లైట్లు పెట్టాలి. ఇదీ మార్పిడి ఖర్చే, ఇదీ కొటేషన్‌లో ఉండదు.

రెండో ప్రమాదం సిలిండర్ వయసు. 2010 ఆగస్టులో సియోల్‌లో రోడ్డు మీద వెళ్తున్న ఒక సిటీ బస్సు సిలిండర్ పగిలి చాలామందికి గాయాలయ్యాయి. సిలిండర్లకి ఆయుష్షు ఉంటుంది, రకాన్ని బట్టి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు, మధ్యలో నిర్ణీత కాలానికి పరీక్ష తప్పనిసరి. అగ్నిప్రమాదంలో ఒత్తిడి పెరగకుండా ప్రతి సిలిండర్‌కీ వేడికి కరిగి గ్యాస్‌ని బయటికి వదిలే ఒక భద్రతా వాల్వు ఉంటుంది. అది సుమారు 110 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అయితే మంట సిలిండర్ మధ్యలో తగిలి, వాల్వు ఉన్న చివరకి వేడి చేరకపోతే అది తెరుచుకోకపోవచ్చు. అందుకే సిలిండర్ పక్కన నూనె గుడ్డలు, స్పేర్ టైర్లు కుక్కొద్దని పదేపదే చెబుతారు.

గ్యాస్ దొరక్కపోతే

పాకిస్తాన్ ఒకప్పుడు ప్రపంచంలో సీఎన్‌జీ బండ్లు అత్యధికంగా ఉన్న దేశాల వరసలో ఉండేది. తర్వాత దేశంలో గ్యాస్ చాలక, ఇళ్లకీ కరెంటుకీ ముందు ఇవ్వాల్సి వచ్చి, బంకుల్ని వారంలో కొన్ని రోజులు మూసేశారు. బండి బాగుంది, సిలిండర్ బాగుంది, గ్యాస్ లేదు. యూరప్‌లో 2022లో, రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లాక, గ్యాస్ టోకు ధరలు ఎన్నడూ లేనంత పైకి పోయాయి, గ్యాస్ ట్రక్కులు నడిపేవాళ్లకి లెక్క రాత్రికి రాత్రి తలకిందులైంది. డీజిల్ ధరా పెరిగింది, కానీ గ్యాస్‌తో పోలిస్తే నయం.

అందుకే కొంతమంది ఓనర్లు బండ్లన్నీ ఒక్కసారిగా మార్చరు. షెడ్డుకి తిరిగొచ్చే రూట్ల మీద గ్యాస్, దూరం పోయే వాటికి డీజిల్ ఉంచుకుంటారు. రెండు రకాల విడిభాగాలు, రెండు రకాల మెకానిక్‌లు, రెండు రకాల ఆయిలు డ్రమ్ములు, కొంత తలనొప్పే. ఈలోగా బ్యాటరీ బండ్లు కూడా సరిగ్గా అవే రూట్ల మీద కన్నేశాయి, సిటీ బస్సులు, డెలివరీ వ్యాన్లు, రాత్రికి డిపోకి చేరేవి. లాస్ ఏంజలెస్ మెట్రో కూడా గ్యాస్ బస్సుల తర్వాత కరెంటు బస్సుల వైపే నడుస్తోంది. కాబట్టి ఇవాళ గ్యాస్ కంప్రెసర్ పెట్టేవాళ్లు, దాని డబ్బు తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆ ఏళ్లన్నీ పోటీ లేకుండా దొరుకుతాయా అని ఒకసారి చూసుకోవాల్సి వస్తోంది. పాత గ్యాస్ బండిని నాలుగేళ్ల తర్వాత కొనేవాడు ముందుగా అడిగేది ఇంజను గురించి కాదు, సిలిండర్లకి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు మిగిలిందని.